ప్యాచ్ వేసుకున్న పిల్లని "కంటికేమైందే" అని అడక్కండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది కోనసీమలో రాజోలు వైపు ఊరు. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా అక్క కువైట్‌లో పని చేస్తుంది, వాళ్ళ పాప చిన్నప్పట్నుంచీ నా దగ్గరే పెరుగుతుంది, ఇప్పుడు దానికి ఐదేళ్ళు. లేజీ ఐ అని తేలాక ముందు కళ్ళజోడు పెట్టారు, ఆ తర్వాత రోజూ కొంతసేపు బాగా కనపడే కంటికి ప్యాచ్, అంటే కన్ను మూసేలా అంటించే పట్టీ, వెయ్యమన్నారు, వేస్తున్నాం. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి పిల్లలు ఇంకొందరు ఉన్నారని ఈమధ్యే తెలిసింది, వాళ్ళ అమ్మలతో మాట్లాడితే అందరూ ఒకటే చెప్తున్నారండి, ప్యాచ్ కన్నా మనుషుల మాటలతోనే ఎక్కువ కష్టంగా ఉంది అని. అందుకే రాస్తున్నాను. పెద్దదైపోతే మీరే కత్తిరించుకోండి, కానీ జూన్‌లో స్కూళ్ళు తెరిచేలోపు వేస్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.

ఆర్టీసీ బస్సులో కూర్చుంటే పక్కావిడ తన పిల్లాణ్ణి అటువైపు లాక్కుంటుంది, కళ్ళకలకేమో అంటుకుంటుందని. అంటుకునేది కాదండీ అని చెప్తే అర్థం చేసుకుంటారు, ఆవిడ్ని నేనేమీ అనట్లేదు, కానీ ఆ లాక్కోవడం పాప చూసేస్తుంది కదా. పెళ్ళికి వెళ్తే దాని మొహం పట్టుకుని "అయ్యో, లక్షణమైన పిల్ల, కన్నుకి ఏమైపోయిందమ్మా" అంటారు, ఇంకొకరు ముద్దుగానే "ఏంటి శుక్రాచార్యులు గారూ, భోజనం చేశారా" అంటారు, అందరూ నవ్వుతారు. వాళ్ళకి అది ఒక్క నిమిషం మాట. ఇంటికొచ్చాక మర్నాడు వెయ్యడానికి ప్యాచ్ బయటికి తీస్తుంటేనే పిల్ల మంచం కిందకి దూరిపోతుంది, "నాకొద్దు పిన్నీ, నవ్వుతారు" అని. ఐదేళ్ళ పిల్లకి సిగ్గుపడడం అప్పటికే వచ్చేస్తుందండి. ఇంట్లో వాళ్ళం నానా తంటాలు పడి అలవాటు చేసింది, ఒక్క మాటతో మళ్ళీ మొదటికొస్తుంది. నాకు కోపం కన్నా బాధే ఎక్కువ, ఎందుకంటే వాళ్ళంతా మంచివాళ్ళే, అభిమానంతో అడిగేవాళ్ళే.

అసలిదేంటో చాలామందికి తెలీదు, అందుకని నాకు డాక్టర్లు చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. లేజీ ఐ ఉన్న పిల్లకి ఆ కన్ను పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది. లోపం కన్నుకీ మెదడుకీ మధ్య ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా మెదడు చూడడం నేర్చుకుంటూ ఉంటుందంట, ఆ టైములో ఒక కంటి నుంచి మసక బొమ్మ, ఇంకో కంటి నుంచి స్పష్టమైన బొమ్మ వస్తుంటే మెదడు స్పష్టంగా ఉన్నదాన్నే తీసుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. అలా వదిలేసిన కన్నుకి తర్వాత ఎంత మంచి కళ్ళద్దాలు పెట్టినా పూర్తిగా కనపడదు. కొందరికి మెల్లకన్ను వల్ల వస్తుంది, కొందరికి రెండు కళ్ళ పవర్‌లో తేడా వల్ల, కొందరికి పుట్టుకతో శుక్లం ఉండో, కనురెప్ప కిందకి వాలిపోయి కన్నుకి అడ్డం పడో వస్తుంది. ఇదేమీ ఊహించి చెప్పింది కాదండి, హ్యూబెల్, వీసెల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన పరిశోధనల్లో, చిన్నతనంలో ఒక కన్ను మూసి ఉంచితే మెదడులో ఆ కంటికి చెందాల్సిన చోటు రెండో కన్ను తీసేసుకుంటుందని తేల్చారు, వాళ్ళకి 1981లో నోబెల్ వచ్చింది. మంచి కన్నుని కాసేపు మూసేది ఇందుకే, ఆ టైములో మెదడుకి రెండో కన్నుతో చూడక తప్పదు కాబట్టి.

మా పాపది రెండో రకం. ఒక కన్ను పవర్ మామూలే, రెండో కన్నుది బాగా ఎక్కువ. ఈ రకమే దొరకదండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే పిల్ల పరిగెడుతుంది, టీవీ చూస్తుంది, గట్టు మీద పాకే చీమని కూడా చూపిస్తుంది, ఒక కన్నే అంతా లాక్కొస్తుందని ఎవరికి తెలుస్తుంది? పిల్లకీ తెలీదు, అది పుట్టిన దగ్గర్నుంచీ అలాగే చూస్తుంది, లోకం అందరికీ అలాగే ఉంటుందనుకుంటుంది. మెల్లకన్నైతే కనీసం పైకి కనపడుతుంది, కాకపోతే మెల్లకన్ను అదృష్టం అని మన పెద్దోళ్ళు మురిసిపోయి వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి కన్ను పక్కకి తిరుగుతూ ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. అలాగే కంటిపాపలో తెల్లగా కనిపించినా, ఫోటో తీసినప్పుడు ఒక కన్నులో తెల్ల మెరుపు వస్తున్నా ఆ వారమే వెళ్ళండి, అందులో లేజీ ఐ కన్నా పెద్ద జబ్బులు కూడా ఉండొచ్చు.

ఇంక నేను రోజూ వినే మాట, "పెద్దయ్యాక ఆపరేషన్ చేయిద్దాంలే, ఇప్పుడు పసిదాన్ని ఎందుకు ఏడిపిస్తారు" అని. మెల్లకన్ను ఆపరేషన్ కన్ను తిన్నగా చేస్తుంది కానీ పోయిన చూపు తెచ్చివ్వదు. లేజర్ ఆపరేషన్ కళ్ళద్దాలు మాన్పిస్తుంది కానీ మెదడుకి చూడడం నేర్పదు. ప్యాచ్ పనిచేసేది ముఖ్యంగా ఏడేళ్ళ లోపు. ఏడు దాటిన పిల్లల్లో, అంతకుముందు వైద్యం అందకపోతే పదమూడు దాటినవాళ్ళలో కూడా కొందరికి మెరుగవుతుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి పెద్దపిల్లల తల్లిదండ్రులు ఆశ వదులుకోవాల్సిన పన్లేదు, ఒకసారి చూపించండి. కానీ చేతిలో టైము ఉండగా పెద్దయ్యాక అని ఆగడం మాత్రం పిల్లకి అన్యాయమే. ఆడపిల్లకి కళ్ళజోడేంటి రేపు సంబంధాలు వస్తాయా అనేవాళ్ళకి కూడా చెప్తున్నా, ఒక కన్ను సరిగ్గా కనపడకుండా అత్తారింటికి పంపడం మీకు సమ్మతమేనా? మగపిల్లల విషయానికొస్తే మన వైపు కుర్రోళ్ళు ఎంతమంది ఆర్మీకి, పోలీస్‌కి, రైల్వేకి పరిగెత్తడం ప్రాక్టీస్ చేస్తున్నారు, అక్కడ మెడికల్‌లో ఒక్కో కన్నూ విడివిడిగా చూస్తారు, అప్పుడు తెలిస్తే ఏం చెయ్యగలం. ఇంకోటి కూడా ఉంది, ఒక్క కన్ను మీదే బతికేవాళ్ళకి ఆ మంచి కన్నుకి దీపావళి టపాకాయో కొబ్బరి మట్టో తగిలితే ఇంక మిగిలేదేంటి.

ప్యాచ్ ఎన్ని గంటలు అనేది డాక్టర్ చెప్పాలి, పక్కింటి పిల్లకి చెప్పింది మన పిల్లకి వెయ్యకూడదు. అందరికీ రోజంతా అక్కర్లేదని మాత్రం చెప్పగలను, చాలామంది ఆ భయంతోనే మానేస్తున్నారు. 2003లో అమెరికాలో పిల్లల కంటి డాక్టర్లు కలిసి చేసిన పరిశోధనల్లో ఏడేళ్ళ లోపు పిల్లల్లో ఒక మాదిరి లేజీ ఐ ఉంటే రోజుకి 2 గంటలు వేసినా 6 గంటలు వేసినా నాలుగు నెలలకి ఫలితం ఇంచుమించు ఒకేలా ఉంది, బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకి 6 గంటలు వేస్తే రోజంతా వేసినంత పని చేసింది. కొందరికి కళ్ళద్దాలతోనే చాలావరకు సర్దుకుంటుంది, అందుకే ముందు కొన్ని వారాలు అద్దాలు మాత్రమే పెట్టి చూస్తారు. ప్యాచ్ అస్సలు ఉంచుకోని పిల్లలకి మంచి కంట్లో అట్రోపిన్ అనే చుక్కల మందు వేసి దగ్గరి చూపు మసక చేసే పద్ధతి కూడా ఉంది, మాదిరిగా ఉన్న లేజీ ఐకి అది ప్యాచ్‌తో సమానంగా పనిచేస్తుందని 2002లోనే తేల్చారు. డాక్టర్ రాస్తేనే వెయ్యాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

ఇప్పుడు ఇంట్లో సంగతి. మొదటి వారాలు నిజంగా కష్టమండి, అబద్ధం చెప్పను. పిల్ల ఏడుస్తుంది, పీకేస్తుంది, గుమ్మానికి గుద్దుకుంటుంది. మొండితనం అనుకుని కొట్టేవాళ్ళు ఉన్నారు, కొట్టకండి. మనకి బాగా కనపడే కన్ను మూసేసి మసక కన్నుతో అన్నం తినమంటే మనమైనా పీకేస్తాం. దానికి నిజంగా కనపడట్లేదు, అందుకే ఏడుస్తుంది. ఆ కన్నుకి చూపు వచ్చేకొద్దీ ఏడుపు తగ్గుతుంది, ఈ ఒక్క మాట నాకు మొదట్లోనే చెప్పిన డాక్టరమ్మ గారికి దణ్ణం పెట్టాలి. మా అమ్మ ఉండబట్టలేక "పాపం తీసెయ్యవే, రేపు వేద్దాంలే" అనేది. ఇంట్లో ఒకరు వేస్తే ఒకరు తీస్తుంటే పిల్లకి ఎవర్ని పట్టుకుంటే పని అవుద్దో ఇట్టే తెలిసిపోతుంది. అందుకని అమ్మనీ చెకప్‌కి తీసుకెళ్ళాను, డాక్టరమ్మ గారు పాప మంచి కన్ను మూసి చార్ట్ చదివించారు, మా అమ్మ చూసింది ఆ పెద్ద అక్షరం కూడా పాప చెప్పలేకపోవడం. ఆ రోజు నుంచి ప్యాచ్ టైము మా అమ్మదే. మీ ఇళ్ళల్లో మామ్మలు, తాతయ్యలు అడ్డం పడుతుంటే మాటలతో చెప్పకండి, ఒక్కసారి చెకప్‌కి వెంట తీసుకెళ్ళండి.

ప్యాచ్ వేసి ఊరికే కూర్చోబెడితే ఏ పిల్లా ఉండదు. కళ్ళతో చూసి చేతులతో చేసే పని ఏదో ఒకటి ఉండాలి. కనకాంబరాలు వరసగా పేర్చి ఇవ్వడం, చుక్కల ముగ్గులో చుక్కలు కలపడం, బియ్యంలో వడ్లు ఏరడం, వామనగుంటల్లో చింతపిక్కలు వెయ్యడం, నా మిషన్ దగ్గర రంగురంగుల గుండీలు విడదీయడం, అన్నీ చేయించాను (మరీ చిన్నపిల్లలైతే గుండీలు, పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, పక్కనే ఉండండి). అక్క కువైట్ నుంచి ఆ టైముకే వీడియో కాల్ చేస్తుంది, పాప ఆ కన్నుతోనే వాళ్ళమ్మ ఏ రంగు చున్నీ వేసుకుందో చెప్పాలి, బొట్టు పెట్టుకుందో లేదో చెప్పాలి. దూరంగా ఉన్న తల్లి ఇంతకన్నా ఏం చెయ్యగలదండి, అది చేస్తుంది, రోజూ చేస్తుంది. ఫోన్‌లో కార్టూన్ చూసినా ఆ కన్నుకి పనే, నాకు ఫోన్ అలవాటు చెయ్యడం ఇష్టం లేదు కానీ మొదట్లో మరీ ఏడ్చినప్పుడు అదే ఆదుకుంది. ప్యాచ్ మీద స్కెచ్ పెన్‌తో బొమ్మ వెయ్యనిస్తే, దాని బొమ్మకి కూడా ఒకటి అంటిస్తే పిల్ల అది తనదే అనుకుంటుంది.

కళ్ళజోడు వాడే పిల్లకి ప్యాచ్ చర్మానికే అంటించాలి, దానిపైన జోడు పెట్టాలి. అద్దానికి గుడ్డ కడితే పిల్ల ముక్కు పక్క సందులోంచి మంచి కన్నుతోనే చూసేస్తుంది, మనం వేశామనుకుంటాం, అంతే. మన వైపు ఎండాకాలం ఉక్కపోతకి చెమట పట్టి అరగంటలో ఊడిపోతుంది, పొద్దున్నే చల్లగా ఉండగా మొహం కడిగి బాగా తుడిచి వేస్తే నిలుస్తుంది. వేసేముందు కొబ్బరినూనె రాయకూడదు అంటుకోదు, తీసేటప్పుడు అంచుల మీద తడిగుడ్డ కాసేపు అద్ది మెల్లగా లాగితే చర్మం లేచిరాదు. చర్మం ఎర్రబడితే డాక్టర్‌కి చెప్పండి, వేరే రకం ఇస్తారు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, మన డెల్టాలో ఇది మర్చిపోకూడదు. ప్యాచ్ వేసి ఉన్న టైములో పిల్లని కాలవ గట్టు మీదకి, రేవు మెట్ల మీదకి, చెరువుల వైపు, డాబా మీదకి ఒంటరిగా పంపకండి, సైకిలు ఇవ్వకండి. మనకి ఇంటి ముందు బోదె, ఇంటి వెనక కాలవ. మసక కన్నుతో నడిచే పిల్లకి అంచు తెలీదు.

డేట్ ఇచ్చిన చెకప్ మానకండి. కనపడుతుంది కదా అని వెళ్ళడం మానేసి ప్యాచ్ వేసుకుంటూ పోతే ఒక్కోసారి మూసిన మంచి కన్ను చూపు తగ్గే ప్రమాదం ఉంది, అలాగని బాగైపోయిందని మనంతట మనం ఆపేస్తే మళ్ళీ వెనక్కి పోవచ్చు, ఆపాక ఏడాదిలోపు నలుగురిలో ఒకరికి దాకా తిరగబెడుతుందని లెక్క. అందుకే డాక్టర్లు మెల్లమెల్లగా తగ్గిస్తారు. మన దగ్గర్నుంచి కాకినాడో రాజమండ్రో భీమవరమో వెళ్ళి రావడం అంటే కూలి పోతుంది, ఛార్జీలు అవుతాయి, నాకు తెలుసు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, 1987లో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ అది. ఆ పేరు గల సినిమా దర్శకుడు మన ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టినాయనే, అలాంటి ఆసుపత్రి మనకి ఇంత దగ్గర్లో ఉన్నందుకు వాడుకోవాలి. వెళ్ళేముందు పిల్లల కంటి డాక్టర్ ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు టీచర్లకి, అంగన్‌వాడీ అక్కలకి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, గవర్నమెంటు స్కూళ్ళకి ఒకసారి టీమ్ వచ్చి పిల్లల్ని చూడాలని రూలు, చూపు లోపం కూడా అందులో ఉంది. 2019 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు కూడా ముందు స్కూలు పిల్లలకే చేశారు. ఇవి మంచివే. నేను అడిగేది ఒక్కటే, రెండు కళ్ళూ తెరిపించి చార్ట్ చదివించి "బానే ఉంది" అని రాయకండి. ఒక కన్ను పూర్తిగా మూసి, వేళ్ళ సందుల్లోంచి తొంగి చూడకుండా చూసి, తర్వాత రెండోది. అక్షరాలు రాని మూడేళ్ళ పిల్లకి కూడా చెయ్యొచ్చు, బొమ్మల చార్టులు ఉంటాయి. ఇంట్లో కూడా ఆటలాగా ఒక కన్ను మూసి చూడండి, ఒక కన్ను మూస్తే ఊరుకుని రెండోది మూస్తే చెయ్యి తోసేస్తుంటే, ఏడుస్తుంటే అనుమానించాల్సిందే. ఊరుకుంటే ఏమీ లేదని అర్థం కాదు, అందుకే నాలుగేళ్ళు వచ్చేలోపు ప్రతి పిల్లనీ ఒక్కసారైనా కంటి డాక్టర్‌కి చూపించాలి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు మెల్ల, లేజీ ఐ ఉన్న పిల్లల్ని ఇంకా ముందే.

ప్యాచ్ వేసుకుని క్లాసుకొచ్చిన పిల్లని వెనక్కి కూర్చోబెట్టకండి, ముందు కూర్చోబెట్టండి. చదవడం ఆలస్యమైతే మొద్దు అనకండి, ఆ గంట దానికి పుస్తకం మసకగానే కనపడుతుంది. మొదటి రోజే అది రాకముందు మిగతా పిల్లలకి రెండు ముక్కలు చెప్పండి, "వాళ్ళ ఒక కన్నుకి బలం రావాలని రెండో కన్నుకి కాసేపు రెస్ట్ ఇస్తున్నారు" అంటే చాలు, పిల్లలకి అర్థమవుతుంది, మన పెద్దోళ్ళ కన్నా త్వరగా అర్థమవుతుంది. ఎవరైనా ఒంటికన్ను అని పేరు పెడితే అక్కడే ఆపండి. ఊడిపోతే తిరిగి అంటించడానికి బ్యాగులో ఒకటి పెట్టి పంపుతాం, ఆ ఒక్క సాయం చెయ్యండి.

మిగతా అందరికీ, బంధువులకి, బస్సులో వాళ్ళకి, గుడి దగ్గర వాళ్ళకి. మీకు అడగాలనిపిస్తే పిల్ల పక్కకి వెళ్ళాక మమ్మల్ని అడగండి, సంతోషంగా చెప్తాం, ఇంకొకళ్ళకి తెలుస్తుంది కూడా. పిల్లతో మాత్రం మామూలుగా మాట్లాడండి, పేరు అడగండి, ఏ క్లాసో అడగండి, ప్యాచ్ మీద బొమ్మ ఉంటే ఎవరు వేశారో అడగండి, దానికి అదే ఇష్టం.

ఎడిటర్ గారూ, మీ జిల్లా ఎడిషన్‌లో జూన్ మొదటి వారంలో ఎవరైనా పిల్లల కంటి డాక్టర్ గారితో దీని గురించి రాయించండి, ఒక్కో కన్నూ విడిగా ఎలా చూడాలో బొమ్మ వేసి చూపిస్తే అంగన్‌వాడీల్లో గోడకి అంటించుకుంటారు. అలాగే మండలం సెంటర్లలో మెడికల్ షాపుల వాళ్ళు పిల్లల సైజు ప్యాచ్‌లు కొన్ని తెప్పించి ఉంచాలని రాయండి, అయిపోయినప్పుడల్లా టౌన్ నుంచి ఎవరు వస్తారా అని చూస్తుంటే మధ్యలో రోజులు పోతున్నాయి.

ఇట్లు,
ఒక పాప పిన్ని,
రాజోలు దగ్గర, కోనసీమ